బొగ్గు పట్టుకున్న వాసన

మా బడిలో సైన్సు అయ్యవారు బొగ్గు గురించి పాఠం చెప్పిన రోజు నేను బడికి పోలేదు. మరుసటి రోజు పోదాంలే అనుకున్నాను. ఆ మరుసటి రోజు ఇంకా రాలేదు. ఎనిమిదో తరగతి హాజరు పట్టీ ఏ బీరువా అడుగునో మిగిలి ఉంటే అందులో నేను ఇప్పటికీ ఆబ్సెంటే. తప్పించుకున్న ఆ పాఠమే వెతుక్కుంటూ వచ్చి నాకు బతుకుదెరువు అయింది. కర్నూలులో నాదొక చిన్న రంగు చేపల అంగడి. ఇళ్ళలో, హోటళ్ళలో, ఆసుపత్రుల్లో అద్దాల తొట్లు కడగడం, వాటి నీళ్ళు బాగుచేయడం నా పని. ఆ పనిలో సగం బొగ్గే.

అంగడి పెట్టిన కొత్తలో, నీళ్ళు తేటగా ఉండాలంటే ఫిల్టర్లో కార్బన్ వేయమని హైదరాబాదులో చేపలు అమ్మే ఒకాయన చెప్పాడు. కార్బన్ అంటే బొగ్గే కదా, దానికి హైదరాబాదు దాకా పోవడమెందుకు అనుకున్నాను. ఎదురుగా ఇస్త్రీ బండి ఉంది. రెండు దోసిళ్ళ బొగ్గులు అడుక్కుని వచ్చి ఫిల్టర్లో కుక్కాను. గంటలో తొట్టి సిరాబుడ్డి అయింది. లోపల చేపలున్నాయో లేవో వాటికే తెలియాలి. వచ్చినవాళ్ళకు మాత్రం అది చీకట్లో మాత్రమే బతికే కొత్త రకమని చెప్పాను. సాయంత్రం ఇస్త్రీ ఆయన వచ్చి తొట్టిలోకి తొంగి చూసి, "ఏమప్పా, చేపలకు మడతలు పోయినాయా?" అని అడిగాడు. పదిహేనేళ్ళయింది. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.

తర్వాత తెలుసుకున్నాను. మేము వాడే బొగ్గు వేరు. కొబ్బరి చిప్పను కాల్చి, ఆ బొగ్గును మళ్ళీ ఆవిరి పట్టించి కాలుస్తారు. అప్పుడు దాని ఒళ్ళంతా కంటికి కనిపించని గుంతలు పడతాయి. గోరంత పలుకులో లెక్కలేనన్ని గుంతలు. వలసంచిలో కట్టి ఫిల్టర్లో పెడితే, దాని గుండా పోయే నీళ్ళలో నుంచి రంగును, వాసనను, చేపకు వేసిన మందును కూడా ఆ గుంతలు పట్టేసుకుంటాయి. అందుకే మందు వేసే రోజు ముందు బొగ్గు తీసేయాలి. తీయడం మరిచిపోతే మందు బొగ్గుకు, రోగం చేపకు. నీళ్ళలో ఉప్పును మాత్రం అది ముట్టదు. మా కర్నూలు బోరు నీళ్ళు అద్దం మీద గీసే తెల్ల గీత ఏ బొగ్గుకూ పోదు. నెల, నెలన్నరకు గుంతలన్నీ నిండిపోతాయి. ఇక అది ఉత్త నల్ల ఇసుకే.

ఇదంతా వినే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి నేను ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి. "పోలీసోళ్ళన్నా వదులుతారు గానీ, ఇది పట్టుకుంటే వదలదప్పా." అందరూ నవ్వేవాళ్ళు. ఆ మాట చెప్పడం ఇప్పుడు మానేశాను. ఎందుకు మానేశానో చెబుతాను.

చర్చి వెనక సందులో ఒక పెద్దాయన ఉండేవాడు. రైల్వేలో గార్డు. ఉద్యోగమంతా డోన్‌లో చేసి, దిగిపోయాక భార్యతో, బడిలో టీచరుగా పనిచేసే కూతురితో కర్నూలులో కాపురం పెట్టాడు. చర్చిలో సంఘ పెద్ద. ఆదివారం నీలిమందు పెట్టి ఉతికిన తెల్ల చొక్కా తొడుక్కుని వీధిలో నడుస్తుంటే కళ్ళు చికిలించి చూడాల్సిందే. ఆయన హాల్లో నాలుగడుగుల తొట్టి, అందులో ఒకే ఒక్క చేప. ఆస్కార్ అంటారు దాన్ని. అరచేయంత మనిషి. మనిషి అని ఎందుకన్నానంటే అది మనుషులను గుర్తుపడుతుంది. ఆయన కుర్చీలో కూర్చుంటే అద్దం దగ్గరకు వచ్చి నిలబడేది. నేను వస్తే మూలకు పోయి వీపు తిప్పుకునేది. నన్ను చూస్తే నా బకెట్ గుర్తుకొస్తుంది దానికి.

ఆ తొట్టి నీళ్ళు టీ రంగులో ఉండేవి. చర్చి ఆవరణలో రాలిన బాదం ఆకులు ఏరుకొచ్చి, ఎండబెట్టి, వారానికి మూడు నాలుగు తొట్టిలో వేసేవాడు ఆయన. చేపకు మంచిదే, ఒంటికి బూజు పట్టనీయదు. కానీ చూసేవాళ్ళకు మురుగులా ఉంటుంది.

"సార్, చేపకు టీ పెట్టిస్తాండారా?" అన్నాను ఒకసారి.

"డికాషన్‌ప్పా," అన్నాడు. "వచ్చేటప్పుడు పాలు నువ్వు పట్టుకోని రా."

"ఒక బొగ్గు మూట పెడతా సార్. రెండు దినాల్లో నీళ్ళు అద్దమైపోతాయి. రంగుండదు, వాసనుండదు."

ఆయన గబుక్కున వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు. "వద్దప్పా. ఈ వాసన పోతే నా వాసన బయటపడుతుంది."

అప్పుడు చూశాను. కుర్చీ పక్క కిటికీ గట్టు మీద తొట్టికి గాలి కొట్టే పంపు. దాని వెనక అగ్గిపెట్టె. అగ్గిపెట్టె కింద బీడీ కట్ట. పెళ్ళయిన ఏడాదే బీడీ మానేస్తానని ఆయన భార్యకు మాట ఇచ్చాడట. ఆమె లెక్క ప్రకారం మానేశాడు కూడా. రోజూ సాయంత్రం ఐదింటికి ఆమె చర్చిలో స్త్రీల ప్రార్థన కూడికకు పోతుంది. ఆరింటికి వస్తుంది. ఆ గంటలో ఆయన తొట్టి ముందు కూర్చుని రెండు బీడీలు తాగేవాడు. ఆమె తిరిగొచ్చి వాకిట్లోనే ముక్కు ఎగబీలిస్తే, "ఆకుల నీళ్ళ వాసన లేవే" అనేవాడు.

ఒక సాయంత్రం నేను అక్కడ ఉండగానే ఆమె వచ్చింది. ఎప్పటిలాగే వాకిట్లో ఆగింది.

"ఏమప్పా," అంది నన్ను, "నువ్వు ఈ పనిలో ఉండేవాడివి. చెప్పు. ఆకులు నానితే ఇట్లాంటి వాసన వస్తాదా?"

పెద్దాయన చేపకేసి చూస్తున్నాడు. చేప నాకేసి చూస్తోంది. నేను ముఖం గట్టిగా పెట్టుకుని, "వస్తాదమ్మా. బాదం ఆకు, బీడీ ఆకు అన్నదమ్ములు. ఒకటే రక్తం," అన్నాను. ఆమె నన్నొకసారి, ఆయన్నొకసారి చూసి, "అట్లనా" అని లోపలికి పోయింది. పెద్దాయన నా భుజం తట్టాడు. ఎనిమిదో తరగతిలో బడి మానినవాడు సైన్సు చెప్పడం చూసి పొంగిపోయాడు కాబోలు.

"సార్," అన్నాను మెల్లగా, "ఆ పంపు గదిలో గాలే పీల్చి నీళ్ళలోకి కొడుతుంది. మీరు తాగే బీడీ చేప గూడా తాగుతాండాది."

ఆయన చేపకేసి చూశాడు. "అయితే ఇద్దరం ఒకేసారి మానేస్తాంలే," అన్నాడు. మానలేదు. కుర్చీని మాత్రం మూరెడు దూరం జరిపాడు.

ఆయన ఎండాకాలంలో పోయాడు. ఆదివారం ఉదయం చర్చికి బయలుదేరుతూ, తెల్ల చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, మూడో బొత్తాం దగ్గర ఆగిపోయాడు. అంతే.

పది రోజుల తర్వాత ఆయన కూతురు ఫోన్ చేసింది. "అన్నా, ఇంట్లో ఆదరణ కూడిక పెట్టుకుంటాండాం. పాస్టరు అయ్యగారు, చుట్టాలు, సంఘమంతా వస్తారు. నాయన తొట్టి చూస్తే మురుగు కాలవ మాదిరి ఉండాది. నలుగురూ ఏమనుకుంటారు? కూడిక లోపల అద్దం మాదిరి చేసియ్యన్నా."

మనిషి పోయిన ఇంట్లో అందరూ చేరి ప్రార్థన చేసి, ధైర్యం చెప్పి పోయే కూడిక అది. ఇల్లు శుభ్రంగా ఉండాలనుకోవడంలో తప్పేముంది. "అమ్మను అడిగినావామ్మా?" అన్నాను.

"అమ్మ ఏం మాట్లాడతాండ్లేదన్నా."

పోయాను. ఆకులన్నీ తీసేశాను. మూడో వంతు నీళ్ళు మార్చాను. కొత్త బొగ్గు, నల్ల దుమ్ము పోయేదాకా కడిగి, మా ఆవిడ పాత దోమతెరతో కుట్టిచ్చిన సంచిలో కట్టి ఫిల్టర్లో పెట్టాను. మామూలుగా పెట్టేదానికి రెట్టింపు పెట్టాను. పెద్దాయన మీద అభిమానం కొద్దీ. పెద్దాయన భార్య నడవ గడప మీద కూర్చుని చూస్తోంది. మాటల మధ్య ఏదో జోకు వేశాను. ఏం జోకో గుర్తు లేదు. ఎవరూ నవ్వని జోకులు నాకు గుర్తుండవు. అందుకే నా జ్ఞాపకశక్తి అంతంతమాత్రం.

"ఆ ఆకులు యాడ పారేస్తావప్పా?" అని అడిగింది ఆమె. ఆ రోజంతా ఆమె అన్న మాట అదొక్కటే.

"వాకిట్లో చెట్టు మొదట్లో ఏస్తానమ్మా. ఎరువైతాది."

తల ఊపింది.

రెండో రోజుకు నీళ్ళు తేటబడ్డాయి. తేటబడ్డాయంటే సరిపోదు. నీళ్ళు లేనట్టే ఉంది. తొట్టి అడుగున గులకరాళ్ళు, మధ్యలో గాల్లో వేలాడుతున్న చేప. ఇన్నేళ్ళలో నేను ఎన్నో తొట్లు శుభ్రం చేశాను గానీ అంత ఖాళీగా ఉన్న తొట్టిని చూడలేదు. అద్దం మీద మాత్రం తెల్ల గీత ఒకటి మిగిలింది. పెద్దాయన ఎప్పుడూ ఆ గీత దాకానే నీళ్ళు పోసేవాడు, పై అంచుకు నాలుగు వేళ్ళ కింద. చేప ఎగిరి దూకుతుందని భయం ఆయనకు.

కూడిక సాయంత్రం జరిగింది. నన్నూ పిలిచారు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. పాటలు పాడారు. అయ్యగారు వాక్యం చెప్పాడు. వచ్చినవాళ్ళు తొట్టిని చూసి, "ఎంత తేటగా ఉండాదో" అనుకుంటున్నారు. కూతురు నా వైపు చూసి తృప్తిగా తల పంకించింది. నేనూ కాలరు సర్దుకున్నాను.

అప్పుడే చేప కదిలింది. ఐదుంపావు అయి ఉంటుంది. ఇంతమంది చూస్తుండగా ఈదుకుంటూ కుర్చీ వైపు అద్దం దగ్గరకు వచ్చి నిలబడింది. హాలు నిండా జనం, కూర్చోవడానికి చోటు లేదు, అయినా ఆ కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు. చేప దాన్నే చూస్తోంది. ఇన్నాళ్ళూ ఆ మసక నీళ్ళలో నుంచి కుర్చీ ఖాళీగా ఉందని దానికి తెలిసి ఉండదేమో. నీళ్ళు తేటచేసి నేనే తెలియజేశాను. పక్కకు తిరిగి చూస్తే పెద్దాయన భార్య కూడా చేపనే చూస్తోంది.

జనం పోయాక, పని అయిపోయింది కదా అని బొగ్గు మూట తీసి బకెట్లో వేసుకుని ఇంటికొచ్చేశాను. ఇక్కడ నా పని పద్ధతి ఒకటి చెప్పాలి. వాడిన బొగ్గును నేను పారేసేవాణ్ణి కాదు. వారమంతా ఇళ్ళ నుంచి తెచ్చిన మూటలు మిద్దె మీద విప్పి, పెద్ద రేకు పళ్ళెంలో పోసి ఎండబెట్టేవాణ్ణి. మా ఊరి ఎండకు రాళ్ళే పగులుతాయి, బొగ్గు గుంతలు తెరుచుకోవా అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. తెరుచుకోవని తెలుసు. అయినా ఎండిన బొగ్గు కొత్తదానిలా మెరుస్తుంది. సగం కొత్తది, సగం ఎండబెట్టినది కలిపి మళ్ళీ ఇళ్ళకు పట్టుకుపోయేవాణ్ణి. ఇది గొప్ప పని కాదు. చేసినది చెబుతున్నాను.

మూడు రోజుల తర్వాత కూతురు మళ్ళీ ఫోన్ చేసింది. చేప అడుగున పక్కకు పడి ఉంది. మేత ముట్టడం లేదు. అమ్మ హాల్లోకే రావడం లేదు, అన్నం కూడా సరిగా తినడం లేదు. చేపను అంగడికి తీసుకుపోతావా అని అడిగింది. పోయాను.

ఆస్కార్ చేపలకు ఈ అలుక ఉంది. నీళ్ళు మారితే, సామాను జరిపితే, పక్కకు పడుకుని చచ్చినట్టు నటిస్తాయి. అదే ఆమె కూతురికి చెప్పాను. "దీనికి ఏమీ కాలేదమ్మా. మా ఇంటామె కూడా ఇంతే, బీరువా జరిపితే రెండు దినాలు మాట్లాడదు." కానీ చేప నటించడం లేదని నాకు లోపల అనిపిస్తోంది. దాని కన్ను కుర్చీ వైపే ఉంది.

తల్లి లోపల నుంచి వచ్చి గడప దగ్గర నిలబడింది. హాల్లోకి అడుగు పెట్టలేదు.

"ఏమప్పా, ఆ నీళ్ళలో రంగు యాడికి పాయ?"

"బొగ్గులోకి పోయిందమ్మా."

"వాసన?"

"అదీ దాంట్లోకే. దానికి గుంతలుంటాయి. వాటిల్లో పట్టి పెట్టుకుంటాది."

"మళ్ళా వదిలేస్తాదా?"

ఆలోచించకుండా నోటికి అలవాటైన మాట వచ్చేసింది. "పోలీసోళ్ళన్నా వదులుతారు గానీ, ఇది పట్టుకుంటే వదలదమ్మా."

ఆమె నవ్వలేదు. ఊరట పడ్డట్టు ఊపిరి వదిలింది. "రోజూ కూడిక నుంచి వచ్చి వాకిలి తీస్తానే ఆ వాసన వస్తాండె," అంది. "ఆ ఆకుల వాసన." ఆ మాట నొక్కి పలికి నా కళ్ళలోకి చూసింది. నేను తొట్టిలోకి చూశాను. "ఆయప్ప పోయినంక గూడా వస్తానే ఉండె. ఆ నీళ్ళలో నుంచి. వాకిలి తీస్తే ఆడ కూర్చోని ఉన్నట్టే ఉండె నాకు. నువ్వు వచ్చిపోయినంక లేదు. ఇల్లు కడిగేసినట్టుండాది. నేను లోపలికి వస్తే ఎవురూ లేరప్పా ఈడ."

"అమ్మా, ఆకులు మళ్ళా..."

"ఆకులు కాదు. ఆ బొగ్గు తెచ్చియ్యి నాకు. ఆయప్పది ఏముందో అంతా దాంట్లో ఉండాదని నువ్వే అంటివి కదా. ఎవురికీ ఇయ్యొద్దు. తెచ్చియ్యి."

"రేపు తెస్తానమ్మా" అన్నాను.

ఇంటికి పోయి నేరుగా మిద్దె ఎక్కాను. మిట్టమధ్యాహ్నం. రేకు పళ్ళెంలో బొగ్గు మెరుస్తోంది. బిరియానీ హోటల్లో తొట్టిది, పళ్ళ డాక్టరు ఆసుపత్రిలో తొట్టిది, ఇంకో రెండిళ్ళవి, పెద్దాయనది. అన్నీ ఒకటే రాశి. నేనే విప్పాను, నేనే పోశాను, నేనే చేత్తో కలిపి పరిచాను. ఏ పలుకు ఎవరిదో చెప్పడానికి దాన్ని పుట్టించిన కొబ్బరి చెట్టే దిగి రావాలి. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పిడికెడు తీసి వాసన చూడటం మొదలుపెట్టాను. ఏ వాసనా లేదు. ఉండదు. అదే కదా దాని పని. పట్టుకున్నదాన్ని ముక్కుకు కూడా వదలదు. ఆయన అక్కడే ఉన్నాడు. నా చేతిలోనే ఉన్నాడేమో. ఒక్క ఊపిరంత కూడా బయటకు రావడం లేదు.

బట్టలు తీయడానికి మా ఆవిడ పైకి వచ్చింది.

"ఏమబ్బా, బొగ్గు వాసన చూస్తాండావు? ఆకలైతే కింద అన్నం ఉండాది కదా."

చెప్పాను. ఆమె చేతిలో బట్టలు అట్లాగే పట్టుకుని నిలబడింది.

"పోయి నిజం చెప్పు," అంది.

"ఏమని చెప్పాల? మీ ఆయన్ను బిరియానీ హోటల్‌తో కలిపేసినానని చెప్పాలనా?"

ఎప్పుడైనా నా మాటకు ఎదురు మాట వేసే మనిషి. ఆ రోజు వేయలేదు. కిందికి పోయి, తన తెల్ల జాకెట్టు గుడ్డలో మిగిలిన ముక్కతో చిన్న సంచి కుట్టి తెచ్చింది. దోమతెర వద్దంది. నేను రెండు చేతులా బొగ్గు తీస్తుంటే చేయి పట్టుకుని ఆపింది. "పిడికెడే ఎయ్. ఎక్కువేస్తే ఎక్కువ అబద్ధం."

మరుసటి రోజు ఆ సంచి పెద్దాయన భార్య చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత, "ఇదేప్పా," అంది. లోపలికి పోయి, మేకుకు తగిలించిన పెద్దాయన తెల్ల చొక్కా జేబులో దాన్ని పెట్టింది. ఆ చొక్కా ఉతికి, నీలిమందు పెట్టి, ఇస్త్రీ చేసి తగిలించింది. ఎవరూ తొడుక్కోని చొక్కా. అయినా మూడో బొత్తాం దాకా పెట్టి ఉంది.

చర్చి ఆవరణలో బాదం ఆకులు ఏరి తొట్టిలో వేశాను. నాలుగో రోజుకు చేప లేచింది. రెండు వారాలకు నీళ్ళకు మెల్లగా ఆ టీ రంగు తిరిగొచ్చింది. ఆమె మళ్ళీ హాల్లోకి వచ్చింది. అంతా సర్దుకుందనుకున్నాను.

సర్దుకోనిది నాకు. ఆ రేకు పళ్ళెంలో బొగ్గును ఎప్పటిలాగే మిగతా తొట్లలో పెట్టాను. వారం తర్వాత పళ్ళ డాక్టరు ఆసుపత్రికి పోతే తొట్టి మూత తీయగానే బీడీ వాసన వచ్చింది. ఆ ఆసుపత్రిలో పొగ తాగడం మహాపాపమని గోడ నిండా బొమ్మలతో సహా రాసి ఉంటుంది. డాక్టరమ్మను అడిగితే, "నాకేమీ రావట్లేదే" అంది. హోటల్లోనూ వచ్చింది. వంటమనిషి నా మీదే అనుమానపడ్డాడు. పట్టుకున్న వాసనను బొగ్గు వదలదని నాకు తెలుసు. ఎందరికో చెప్పాను. అయినా మూత తీసిన ప్రతిచోటా ఎవరో మూరెడు దూరంలో కుర్చీ జరుపుకుని కూర్చున్నట్టే ఉండేది. వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. ఒకసారి అలవాటు కొద్దీ, "సార్" అన్నాను కూడా. పళ్ళు పీకించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "ఏమి" అన్నాడు.

అన్ని తొట్లలో నుంచి ఆ బొగ్గు తీసేసి కొత్తది పెట్టాను. పాతదంతా మా పెరట్లో మునగచెట్టు మొదట్లో గుంత తవ్వి పోశాను. మిద్దె మీద ఎండబెట్టడం ఆ రోజుతో సరి. ఆ ఏడాది చెట్టు విరగకాసింది. మా ఆవిడ మునక్కాయ పులుసు పెట్టింది. నేను మజ్జిగతో తిని లేచాను.

నెలకొకసారి ఆ ఇంటికి పోతూనే ఉన్నాను. పోయిన ప్రతిసారీ కళ్ళు ఆ చొక్కా మీదికే పోయేవి. మొదటి నెల జేబు అడుగున చిన్న నల్ల చుక్క. రెండో నెలకు అది అణా కాసంత. మూడో నెలకు జేబంతా. బొగ్గు దుమ్ము గుడ్డలో నుంచి దిగుతోంది. పొరపాటున పసుపు మరక పడితేనే పెద్దాయనను నిలబెట్టి అడిగే మనిషి, ఆ నల్ల మరకను ఉతకలేదు. పక్కన పోతూ పోతూ జేబు మీద చేయి ఆనించి పోయేది. ఆమె చేయి ఆ మూట మీద పడిన ప్రతిసారీ నేను బకెట్ వైపు తిరిగేవాణ్ణి. బిరియానీ హోటల్ చేప మలినాన్ని, పళ్ళ డాక్టరు తొట్టి మందును ఆమె నిమురుతోంది. అదీ నా వల్ల.

నాలుగో నెల ఇక నా వల్ల కాలేదు. సాయంత్రం ఐదు దాటింది. ఆమె ఇప్పుడు కూడికకు పోకుండా ఆ వేళకు ఇంట్లోనే ఉంటోంది. పెద్దాయన కుర్చీలో కూర్చుని ఒళ్ళో చాట పెట్టుకుని చెనిక్కాయలు వలుస్తోంది. చేప అద్దం దగ్గరకు వచ్చి ఆమెకేసి చూస్తోంది. నేను బకెట్ కింద పెట్టాను.

"అమ్మా, ఒక మాట చెప్పాల."

"చెప్పప్పా."

"ఆ జేబులో ఉండే మూట... అది మీ ఇంటిది కాదమ్మా. అన్నీ కలిపి ఎండబోసినా. ఏది ఎవురిదో నాకే తెలీలేదు. అందులో సార్‌ది నాలుగు పలుకులు ఉండొచ్చు, ఒక్కటీ లేకపోవచ్చు. నేను మిమ్మల్ని మోసం చేసినా."

అనేసి తల వంచుకున్నాను. చాటలో పొట్టు పగిలే చప్పుడు ఆగలేదు. ఒక కాయ, ఇంకో కాయ. తర్వాత ఆమె తల ఎత్తకుండానే అంది:

"నాకు ముక్కు లేదనుకుంటివా అప్పా? దాంట్లో ఏ వాసనా లేదని ఆ పొద్దే తెలిసె. బీడీ మానేసినానని ఆయప్ప నలభై రెండేండ్లు చెప్తే నమ్మినట్టే ఉంటి. బాదం ఆకు, బీడీ ఆకు అన్నదమ్ములని నువ్వు ఈడనే నిలబడి చెప్తే అదీ నమ్మినట్టే ఉంటి. ఇన్ని మోసినదాన్ని, నీ పిడికెడు బొగ్గు మోయలేనా? పో, పోయి ఆ చేపకు మేత ఎయ్. ఆయప్ప ఏసే పొద్దాయె."